మనసు బాగలేనప్పుడు సైకాలజిస్టు దగ్గరికి పోతే ఏం జరుగుతది?
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీద ఉన్న కులపెద్దలకు, భివండి నుంచి, సేలం నుంచి, బరంపురం నుంచి, బెంగళూరు నుంచి, యానాం నుంచి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు మా షోలాపూర్ చేనేత సొసైటీ తరఫున దండాలు.

మాకు ఇచ్చిన అంశం సభ్యుల సంక్షేమం. సంక్షేమం అంటే నూలు ధర, రిబేటు, పొదుపు నిధి, ఇన్సూరెన్సు కార్డు అని ఏటేటా మాట్లాడుతనే ఉన్నం. ఈ ఏడు మా కమిటీ వాళ్ళం కూర్చుని వేరే మాట అనుకున్నం. మనసు బాగలేని మనిషి సైకాలజిస్టు దగ్గరికి పోతే ఆ గదిలో ఏం జరుగుతది, ఏం జరగదు, ఎన్నిసార్లు పోవాలె, ఎంత ఖర్చు, ఇంటోళ్ళు ఎట్ల ఉండాలె, ఇవి చెప్దామని. ఎందుకంటే మా సభ్యులు చాలామంది పోకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. లోపల ఏం చేస్తరో తెలియని భయం.

మేము డాక్టర్లం కాము. మా చదువు ఎనిమిదో తరగతి. కానీ సభ్యులను తోలుకొని సివిల్ దవాఖానా బెంచీల మీద కూర్చున్నం. మా సొసైటీ హాలుకు వచ్చి మాట్లాడిన డాక్టర్లను అడిగి తెలుసుకున్నం. అట్ల తెలిసినవే చెప్తున్నం.

మన దగ్గర ఈ మాట ఎత్తగానే నవ్వులాటకు అనే మాటలు రెండున్నయి. హైదరాబాద్ చుట్టాలైతే "ఎర్రగడ్డకు తోలుతరు" అంటరు. షోలాపూర్ వాళ్ళం "యెరవాడకు పంపుతరు" అంటం. ఆ రెండూ పెద్ద మానసిక వైద్యశాలలు ఉన్న ఊర్లు. నిద్ర పట్టనోడు, గుండె దడ ఉన్నోడు, మగ్గం మీద కూర్చుంటే చెయ్యి ఆడనోడు వెళ్ళేది అక్కడికి కాదు. మన ఊరి సర్కారు దవాఖానాలో ఓపీ చీటీ తీసుకొని, ఒక గదిలోకి పోయి, కుర్చీలో కూర్చుని మాట్లాడి, ఇంటికొచ్చి అన్నం తింటడు. అంతే. ఈ ఒక్క ముక్క మన వాడల్లో అందరికీ తెలిస్తే సగం భయం పోతది.

ముందు ఎవరు ఎవరో తెలుసుకుందాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. సైకాలజిస్టు అంటే మనసు గురించి చదివిన వాళ్ళు. వాళ్ళు మందు రాయరు, సూది వేయరు. మాటలతోనే, కొన్ని అభ్యాసాలతోనే వైద్యం చేస్తరు. క్లినికల్ సైకాలజిస్టులైతే వాళ్ళ పేరు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై, ఒక నంబరు ఉంటది. "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి సార్" అని అడగడం తప్పు కాదు. నూలు కొనేటప్పుడు కౌంటు అడగమా? ఇదీ అంతే. సరైన వాళ్ళు కోపం చేసుకోరు.

ఎప్పుడు పోవాలె? బాధ అందరికీ ఉంటది. చావు అయితే ఏడుస్తం, అప్పు ఎక్కువైతే దిగులు పడ్తం. అది రోగం కాదు. కానీ రెండు వారాలు దాటినా నిద్ర సరిగా లేక, ఆకలి లేక, ఎప్పుడూ ఇష్టంగా చేసే పని మీద కూడా మనసు పోక, ప్రతిదానికీ చిరాకు పడుతూ, లేదా సాయంత్రం మందు లేకుంటే గడవని పరిస్థితి ఉంటే అప్పుడు చూపించుకోవాలె. మన నేతోళ్ళల్లో ఇది ఒంటి బాధ లెక్క బయటికి వస్తది. ఛాతీ బరువు, తలనొప్పి, కడుపులో మంట, చేతుల తిమ్మిరి. ఈసీజీ తీస్తే బాగుంటది, రక్తం చూస్తే బాగుంటది, అయినా బాధ పోదు. అప్పుడు ఇంట్లో "నాటకాలు" అంటరు. నాటకం కాదు. ఆ నొప్పి నిజం నొప్పే.

ఇంకో మాట. థైరాయిడ్ తక్కువున్నా, బి12 తక్కువున్నా మనిషి ఇట్లనే నీరసపడి, దిగులుగా ఉంటడు. కాబట్టి డాక్టరు ముందు ఆ పరీక్షలు రాస్తే "మనసు సంగతి అడిగితే రక్తం తీస్తరేమిటి" అని లేచి రావద్దు.

ఇగ మొదటి రోజు సంగతి.

పోయేటప్పుడు ఒక సంచిలో పాత రిపోర్టులు, ఇప్పుడు వాడే మందులు, బీపీ షుగరు గోలీలు సహా అన్నీ పెట్టుకోవాలె. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవాలె: ఎప్పటినుంచి ఉంది, ఏ టైంకు ఎక్కువైతది, ఏం చేస్తే తగ్గుతది, మీకేం కావాలె. అక్కడ కూర్చున్నాక గొంతు పెగలకపోతే ఆ కాగితమే చేతికి ఇవ్వొచ్చు.

లోపలికి పోయినాక ముందు పేరు, వయసు, పని, ఇంట్లో ఎవరెవరు అని రాసుకుంటరు. తర్వాత ఒక ఒప్పంద కాగితం ఉంటది. మన వాళ్ళు సంతకం అనగానే సావుకారు ప్రోనోటు గుర్తొచ్చి భయపడ్తరు. అందులో ఏముందో చదివి చెప్పమని అడగండి. మామూలుగా అందులో ఉండేది ఇదే: మీరు చెప్పింది వాళ్ళు బయట చెప్పరు, మీకు ఇష్టం లేకుంటే ఎప్పుడైనా ఆపెయ్యొచ్చు, ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు, ఎంత ఫీజు. ప్రైవేటులో అయితే ఒక్కో కూర్చోవడం ముప్పావు గంట నుంచి గంట దాకా ఉంటది. సర్కారు దవాఖానాలో జనం ఎక్కువ కాబట్టి తక్కువ టైం దొరకొచ్చు. ప్రైవేటు ఫీజు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. ముందే ఫోన్లో అడగాలె. "తక్కువ చేస్తరా" అని అడగడానికి కూడా సిగ్గు పడొద్దు.

రహస్యం సంగతి కొంచెం వివరంగా చెప్తం, ఎందుకంటే మన వాడల్లో గోడకు గోడ కలిసి ఉంటది, ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లో నీళ్ళిస్తరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి సంగతులు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. కానీ కొన్ని సందర్భాల్లో వాళ్ళు చెప్పక తప్పదు: మనిషి తన ప్రాణానికి గాని, ఇంకొకరి ప్రాణానికి గాని అపాయం తెచ్చేట్టు ఉంటే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరుగుతున్నదని తెలిస్తే, కోర్టు అడిగితే. మంచి సైకాలజిస్టు ఈ మాట మొదటి రోజే చెప్తరు. చెప్పకుంటే మీరే అడగండి.

తర్వాత ప్రశ్నలు. నిద్ర ఎట్లుంది, ఎన్నింటికి మెలకువ వస్తది, తిండి ఎట్లుంది, పని ఎట్ల సాగుతున్నది, అప్పులున్నయా, మందు తాగుతరా, ఎంత, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లయిందా, చిన్నప్పుడు ఎట్ల పెరిగిన్రు. కొన్నిచోట్ల తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తరు. గడిచిన రెండు వారాల్లో ఏది ఎన్ని రోజులు ఉందో గుర్తు పెట్టాలె. అది పరీక్ష కాదు, పాసు ఫెయిలు లేదు. జ్వరం చూసే థర్మామీటరు లాంటిది. చదవరాకుంటే చదివి వినిపించమని అడగాలె.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తది: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" ఈ ప్రశ్న వినగానే ఇంటోళ్ళు ఉలిక్కిపడ్తరు. లేనిపోని ఆలోచన పుట్టిస్తున్నరని అనుకుంటరు. అట్ల కాదు. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదని డాక్టర్లు చెప్తరు. లోపల దాచుకున్న మనిషికి "ఎవరో అడిగిన్రు" అన్న ఊరట దొరుకుతది. అనిపిస్తే అనిపిస్తుందనే చెప్పాలె. ఆ మాట చెప్పినందుకు పోలీసులకు పట్టియ్యరు. ఆత్మహత్యకు ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నడనే భావించాలె, శిక్షించొద్దు అని అదే 2017 చట్టం చెప్తున్నది.

ఇట్ల అడుగుతూ పోతుంటే మొదటి రోజు టైం అయిపోతది. మందు చీటీ లేదు, సలహా లేదు. "ఒట్టి ముచ్చట్లకా బస్సు కిరాయి పెట్టుకొని ఇంత దూరం వచ్చింది" అనిపిస్తది. మేము చూసినంతలో ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. రెండోసారి పోరు. వాళ్ళకు మేము చెప్పేది ఒక్కటే. మగ్గం మీద బట్ట మొదటి రోజే వస్తదా? పడుగు పొయ్యాలె, గంజి పెట్టాలె, పోగు పోగు అతకాలె. అప్పటిదాకా ఒక్క బెత్తెడు బట్ట కూడా కనిపించదు. చూసేవాడికి పని జరగనట్టే ఉంటది. మొదటి ఒకటి రెండు కూర్చోవడాలు అట్లాంటివి.

ఏడుపు రావొచ్చు. మగోళ్ళకు కూడా వస్తది. ఆ గదిలో అది కొత్త కాదు. ఇంటికొచ్చినాక ఆ రాత్రి మనసు మునుపటికంటే బరువుగా ఉండొచ్చు. ఎన్నేళ్ళగానో మూసిన పెట్టె తెరిస్తే దుమ్ము లేస్తది కదా. ఆ రోజు ఓవర్‌టైం పెట్టుకోవద్దు. మరీ భరించరానట్టు ఉంటే రెండోసారి దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలె.

రెండో మూడో సారికి మీరూ వాళ్ళూ కలిసి ఏం సాధించాలో అనుకుంటరు. "సంతోషంగా ఉండాలె" అంటే లెక్కకు అందదు. "రాత్రి ఐదు గంటలు నిద్ర పోవాలె", "పిల్లల మీద చెయ్యెత్తొద్దు", "వారంలో నాలుగు రోజులు మగ్గం మీద కూర్చోవాలె", ఇట్లాంటివి అందుతయి. దాన్నిబట్టి ఇంటిపని ఇస్తరు. మన తలలో వెంటనే వచ్చే ఆలోచన రాసుకోవడం, అది ఎంత నిజమో చూసుకోవడం, ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం, పొద్దున ఒక టైంకు లేవడం. వినడానికి చిన్నగా ఉంటయి. చేస్తేనే తెలుస్తది. రాయరానోళ్ళు ఫోన్లో మాట రికార్డు చేసుకుంటామని చెప్పొచ్చు.

మా సభ్యుడొకాయన ఒప్పుకున్నాకనే ఈ మాట చెప్తున్నం, పేరు చెప్పం. ఆయన మగ్గం మీద పడుగు ఎక్కించి నెలన్నర అయినా చాదర్ దిగలేదు. సోమరి అన్నరు, తాగుబోతు అన్నరు. ఆయన తాగడు. ఛాతీ నొప్పి అని తిరిగి తిరిగి, ఆఖరికి డాక్టరు మానసిక విభాగానికి పంపితే పోయిండు. సైకాలజిస్టు మేడం ఇచ్చిన మొదటి పని ఏమిటంటే, రోజూ పొద్దున మగ్గం దగ్గర పావుగంట కూర్చోవడం, నేసినా నేయకపోయినా. పావుగంట అయితే లేచిపోవాలె, ఇంకా చేద్దామనిపించినా సరే. ఆయన నవ్వుకున్నడట. వారం పాటు కూర్చున్నడు. తర్వాత అర్ధగంట. వారం వారం పోయిండు, మధ్యల రెండుసార్లు మానేసిండు, మళ్ళా పోయిండు. మూడు నెలలకు పొద్దటి పూట పని చేస్తున్నడు. అప్పు అట్లనే ఉంది. కానీ అప్పిచ్చినోడు ఫోన్ చేస్తే ఇప్పుడు ఎత్తి మాట్లాడుతున్నడు, దాక్కుంటలేడు. "అప్పు తగ్గలేదు అన్నా, అప్పును చూసే భయం తగ్గింది" అన్నడు మాతోటి.

ఈ మాటలోనే అసలు సంగతి ఉన్నది. సైకాలజిస్టు మన అప్పు తీర్చరు. నూలు ధర తగ్గించరు. మొగుణ్ణి పిలిచి తిట్టరు, కోడలికి బుద్ధి చెప్పరు. జాతకం చెప్పినట్టు "ఇది చెయ్యి, అది చెయ్యి" అని నిర్ణయం కూడా వాళ్ళు తీసుకోరు. సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు మనం ఎన్నేళ్ళుగానో చదువుతున్నం. అక్కడ కూలి గిట్టకపోవడం, పని దొరకకపోవడం, అప్పులు పెరగడం ఉన్నయి. ఇవి కౌన్సెలింగుతో పొయ్యేవి కావు. కూలి సంగతి మనం సంఘంగా కొట్లాడాలె, సర్కారును అడగాలె. కానీ కూలి పెరిగేదాకా మనిషి బతికి ఉండాలె కదా. ఒకటి చేస్తున్నం కాబట్టి ఇంకొకటి వద్దనడం సరికాదు.

ఎన్నిసార్లు పోవాలె? మామూలు దిగులుకు, భయానికి వారానికోసారి చొప్పున ఆరు నుంచి పన్నెండు, కొందరికి ఇరవై దాకా పడుతది. ఎంత అయిందో మధ్యల అడగొచ్చు. మూడు నాలుగు సార్లు పోయినా ఈ మనిషితో మాట కలవట్లేదనిపిస్తే ఆ మాట వాళ్ళకే చెప్పండి. ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. ఆడోళ్ళు ఆడ సైకాలజిస్టు కావాలని అడగొచ్చు. డాక్టరు మందు కూడా రాస్తే, దిగులు మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతది. నాలుగు రోజులకు గుణం లేదని ఆపొద్దు, బాగైందని కూడా సొంతంగా ఆపొద్దు.

భాష సంగతి. మనం బజార్లో మరాఠీ మాట్లాడుతం, ఫ్యాక్టరీలో హిందీ. సేలం వాళ్ళు తమిళం, బరంపురం వాళ్ళు ఒడియా. కానీ కడుపులో బాధ తెలుగులోనే వస్తది. దగ్గర తెలుగు వచ్చినోళ్ళు లేకుంటే ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్, నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబగళ్ళు ఎత్తుతరు, మాట్లాడే భాషల్లో తెలుగు కూడా ఉన్నది. ముందు శిక్షణ పొందిన మనిషి మాట్లాడుతరు, అవసరమైతే డాక్టరుకు కలుపుతరు. దుబాసిగా మాత్రం పిల్లలను కూర్చోబెట్టొద్దు. తండ్రి బాధ పదేళ్ళ పిల్ల నోటితో చెప్పించడం ఇద్దరికీ మంచిది కాదు.

ఇంటోళ్ళకు నాలుగు మాటలు. తలుపు దగ్గర నిలబడి "ఏం చెప్పినవ్, నా గురించి చెప్పినవా" అని అడగొద్దు. సైకాలజిస్టు పిలిస్తేనే లోపలికి పోవాలె. వాడకట్టులో చెప్పొద్దు. ఇంట్లో కొట్లాట అయినప్పుడు "నువ్వు ఆ డాక్టరు దగ్గరికి పోయేదానివే కదా" అని ఎత్తిపొడవొద్దు. ఆ ఒక్క మాటతో ఆమె మళ్ళా ఆ గడప తొక్కదు. బీడీలు చుట్టి, కండెలు చుట్టి, వంట చేసి, అత్తమామలను చూసి, ఆ మీద తన బాధ చెప్పుకోవడానికి ఒక గంట అడిగితే ఆ గంట ఇవ్వాలె. గుడికి పోతరా, పోండి. మార్కండేయునికి మొక్కుకోండి. దవాఖానా టైం తప్పకుండా చూసుకోండి. మొక్కుకూ మందుకూ పోట్లాట లేదు.

పెళ్ళి సంబంధాలు చెడుతయని అంటరు. ఆ భయం మాకు తెలుసు. చూపించుకొని బాగున్న మనిషి ఇంటికి మేలు, దాచుకొని కుములుతున్న మనిషి ఇంటికి కష్టం. ఈ మాట కులపెద్దలు నోరు తెరిచి సభల్లో చెప్తేనే పిల్లల తల్లిదండ్రులకు ధైర్యం వస్తది.

ఒక్కటి మాత్రం ఆగేది కాదు. ఎవరైనా "బతకబుద్ధి అయితలేదు" అన్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టి అప్పగింతలు చెప్తున్నా, అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. వాదన పెట్టుకోవద్దు. వెంటనే 14416కు గాని 112కు గాని ఫోన్ చేసి, దగ్గర ఉన్న దవాఖానా అత్యవసర విభాగానికి తోలుకపోవాలె.

ఇప్పుడు సమాఖ్యను మేము అడిగేది మూడే.

ఒకటి, ప్రతి సొసైటీలో నూలు ధరలు రాసే బోర్డు పక్కన 14416 నంబరు తెలుగులో రాయించాలె. రెండు, ప్రతి ఊర్లో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి తోడు పోవడానికి సిద్ధంగా ఉండాలె. లోపలికి పోయేది రోగే, వీళ్ళు బెంచీ మీద కూర్చుంటరు, బయటికొచ్చి నోరు మూసుకుంటరు. మూడు, బస్సు కిరాయి, ఆ పూట కూలి పొదుపు నిధి నుంచి ఇవ్వాలె. వోచరులో కారణం రాసే గడి ఉంటది కదా, అక్కడ "దవాఖానా ఖర్చు" అని మాత్రమే రాయాలె. ఏ విభాగం అని ఆడిటరుకు గాని, కమిటీకి గాని చెప్పనక్కర లేదు. కాలు విరిగితే అంతే రాస్తం. మనసుకూ అంతే రాద్దాం. ఆరోగ్య ఇన్సూరెన్సులో ఒంటి రోగానికీ మనసు రోగానికీ తేడా చూపొద్దని చట్టమే చెప్పినప్పుడు మన వోచరు పుస్తకం ఎందుకు తేడా చూపాలె?

ఈ మూడో దానికి మహాసభ తీర్మానం కావాలె. పెద్దలు ఆలోచించి ఈ రోజే చేతులెత్తమని కోరుతున్నం. 

జై మార్కండేయ.